పాత మిషన్‌తో పోయిన అక్షరాలు

కొత్త మిషన్ చప్పుడు చేయదు. దాని మీద నా మొదటి ఫిర్యాదు అదే. పాతది పొద్దున బటన్ నొక్కగానే పిండి గిర్నీలా మొదలయ్యేది. మధ్యాహ్నానికి వేడెక్కి మొండికేసేది. అప్పుడు అన్న లేచి దాని పక్కటెముకల మీద అరచేత్తో ఒక్కటిచ్చేవాడు. "లే బిడ్డా, లే. ఇంక పెండ్లిపత్రికలు బాకీ ఉన్నయి," అనేవాడు. అది లేచేది. ఈ వైద్యం గురించి ఏ రిపేరు మనిషికి చెప్పినా నవ్వాడు గానీ, మాకు మాత్రం ఏళ్ల తరబడి పనిచేసింది.

కొత్తదాన్ని కొట్టాలన్నా ఎక్కడ కొట్టాలో తెలియదు. పాత కంప్యూటర్‌కున్నట్టు డబ్బా అంటూ లేదు. ఉన్నదంతా ఒక పలుచని తెర, వెనక కొరికిన పండు బొమ్మ. అయినా కొట్టాల్సిన అవసరం రాదు. అది మొండికేయదు.

మా దుకాణం పటాన్‌చెరులో, మెయిన్ రోడ్డు నుంచి ఇండస్ట్రియల్ ఏరియాలోకి తిరిగే దారిలో ఉంటుంది. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, మందుల కంపెనీల డ్రమ్ముల మీద అంటించే లేబుళ్లు, 'హెల్మెట్ లేనిదే లోపలికి రాకూడదు' అని తెలుగులో, హిందీలో, ఈమధ్య ఒడియాలో కూడా బోర్డులు. బొమ్మలూ రంగులూ నావి. అక్షరాలు అన్నవి. తోడబుట్టిన అన్న కాదు. మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడి క్వార్టర్స్‌లో స్థిరపడినవాడు. అన్నది ఇస్మాయిల్‌ఖాన్‌పేట పక్క పల్లె, తాతలనాటి నుంచి అక్కడే సేద్యం. ఆయన నన్ను 'చెల్లె' అన్నాడు, నేను 'అన్నా' అన్నాను. అంతే మా చుట్టరికం. మొదట్లో నేను "చూడండి, రండి" అని మాట్లాడుతుంటే, "గా 'అండి' ఇంట్ల పెట్టి రా చెల్లె, ఈ దుకాణంల దానికి జాగ లేదు," అని ఆటపట్టించాడు.

అన్న అసలు బోర్డు పెయింటర్. సంగారెడ్డి నుంచి ఇస్నాపూర్ దాకా ఆయన కుంచె తిరగని గోడ లేదనేవారు. ఎరువుల దుకాణాలు, కిరాణాలు, ఎలక్షన్ గుర్తులు, అన్నీ ఆయన చేతివే. ఏ అక్షరం మీదైనా ఆయన పెట్టే తలకట్టు కాస్త వెనక్కి వాలి, నుదుటి మీద నుంచి తోసిన రుమాలులా ఉండేది. బస్సులో పోతూ చూసినా పోల్చుకోవచ్చు.

ఫ్లెక్సీలు వచ్చాక గోడలు రాయించుకునేవాళ్లు లేకుండా పోయారు. ఆయన తల పట్టుకుని కూర్చోలేదు. కుంచెలన్నీ సంచిలో వేసుకుని నేరుగా నా దుకాణానికి వచ్చాడు. "నాకు గీ డబ్బ నేర్పియ్. నీకు నా రాత ఇస్త," అన్నాడు.

ఆ ఏడాది వానాకాలంలో మొదలుపెట్టి ఎండలు ముదిరేదాకా అదే పని. ఆయన డ్రాయింగ్ షీట్ మీద కుంచెతో ఒక అక్షరం రాసేవాడు. నేను దాన్ని స్కాన్ చేసి, తెర మీద అంచుల వెంట గీత గీసి, కీబోర్డులో ఒక మీటకు కట్టేదాన్ని. ఆయన పక్క కుర్చీలో కూర్చుని, "జెర కిందికి. ఇంకింత. ఆఁ, గాడ ఆపు," అంటుండేవాడు. గుణింతాలూ ఒత్తులూ తరిగేవి కావు. ఇన్ని అక్షరాలు ఎవడు పెట్టమన్నాడురా దేవుడా అని నేను పళ్లు నూరితే, "ఇంగ్లీషోనికి పుట్టకపోతివి," అని నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే అంత సుఖంగా పనిచేసిన కాలం నాకు మళ్లీ రాలేదు. పని పూర్తయ్యాక ఆయన రాత మొత్తం మిషన్‌లో ఉంది. మీటలు నొక్కితే చాలు, అన్న రాసినట్టే వచ్చేది. చిట్కుల్ నుంచి, సంగారెడ్డి నుంచి జనం వచ్చి, "కార్డు అన్న రాతల పెట్టున్రి," అని అడిగేవారు.

కొన్నేళ్లకు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. చాయ్ గ్లాసు ఎత్తితే సగం చొక్కా మీదే. మందులిచ్చిన డాక్టరు తగ్గుతుందని మాత్రం అనలేదు. నేను కంగారు పడుతుంటే ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. "గీ చెయ్యి ఉంటే ఏంది, పోతే ఏంది చెల్లె. మంచి చెయ్యిని గా డబ్బల దాసిపెట్టినం గద."

ఇంతలో అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్లు లేచాయి. వాళ్ల బ్రోచర్లు మాకు రావడం మొదలైంది. వాళ్లు పంపే ఫైళ్లన్నీ పండు గుర్తు మిషన్ల మీద తయారైనవి. మా పాతదాంట్లో తెరిస్తే దాని ప్రాణం మీదికొచ్చేది. తెర మీద ఆకుపచ్చ, అచ్చులో ముదురు నీలం. మారిపోదామని మొదట అన్నది అన్నే. "కుంచె ఇడిసి డబ్బకొచ్చిన. డబ్బ ఇడిసి పండుకు పోలేనా?" అన్నాడు. సిటీలో డీలరు పండగ ఆఫర్ పెట్టాడు. పాతది ఇచ్చేస్తే కొత్తది కాస్త చవక, అదీ దసరా వరకే. దసరానాడే వ్యాన్ పంపుతామన్నారు.

దసరాకు మా దుకాణంలో పనిముట్లన్నీ పూజలో పెడతాం. స్కానరు, బ్లేడ్లు, స్టీలు స్కేలు, అన్న పాత కుంచెలు, నడిమధ్యలో కంప్యూటర్. ఆ రోజు ఎవరూ దేన్నీ వాడకూడదు. వ్యాన్ వచ్చేసరికి పాత మిషన్ పసుపు కుంకుమ బొట్లతో, బంతిపూల దండతో పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. మా పనులున్న ఫోల్డర్లన్నీ ముందురోజే ఒక విడి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకున్నాం. అయినా ఇంకొక్కసారి తెరిచి చూద్దామని స్విచ్ మీద చెయ్యి వేశాను. అన్న ఒప్పుకోలేదు.

"పూజల కూసున్నదాన్ని లేపొద్దు చెల్లె. ఏడాదికి ఒక్కనాడు దానికి రెస్టు. అన్ని తీసుకున్నం గద."

దసరానాడు మా అమ్మ కూడా కత్తిపీట ముట్టనిచ్చేది కాదు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. డ్రైవరు దండ తీసేయబోతే అన్న వద్దన్నాడు. దండతోనే సాగనంపి, దుకాణానికి తాళం వేసి, జమ్మి తెచ్చుకోవడానికి ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

పండగ వెళ్లాక కొత్త మిషన్ పెట్టుకుని, ఒక పాత పెళ్లిపత్రిక తెరిచాను. వినాయకుడు వచ్చాడు. అరటి చెట్లు వచ్చాయి. రంగులు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. అన్న రాత ఉండాల్సిన చోట ఖాళీ గళ్లు, పిచ్చి గుర్తులు. ఇంకో ఫైలు తెరిచాను, ఇంకొకటి తెరిచాను. అప్పుడు అర్థమైంది. మేం మోసుకొచ్చింది చేసిన పనుల్ని. అక్షరాలూ వాటి స్కాన్లూ ఆ ఫోల్డర్లలో ఉండవు, మిషన్ కడుపులో వేరే అరలో ఉంటాయి. అది మాకు తెలియని సంగతి కాదు. రోజూ చేతిలో ఉన్నది కాబట్టి విడిగా దాచుకోవాలని ఇద్దరికీ తట్టలేదు. ఆ రోజు తెరిచి ఉంటే, తెర మీద ఆ రాత కనబడగానే గుర్తొచ్చేదేమో.

డీలరుకు ఫోన్ చేశాను. లోపలిదంతా తుడిచేసి, మిషన్‌ను ఎక్కడికో పంపేశామన్నారు. అన్న కుంచెతో రాసిన షీట్లను అటక మీద చెదలు ఎప్పుడో తినేశాయి. పాత కార్డులు తెచ్చి స్కాన్ చేస్తే, అంత చిన్న అక్షరాలు పెద్దవయ్యేసరికి వాచిన మొహాల్లా వచ్చాయి. పెద్ద ఫ్లెక్సీలు వెతుకుదామని బయల్దేరితే, అవి గొర్రెల కొట్టాల మీద కప్పులై, ఎండకు వెలిసిపోయి ఉన్నాయి.

అన్న ఆ ఖాళీ గళ్ల వంక చాలాసేపు చూశాడు. "పోనియ్ తియ్," అన్నాడు. పూజ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత ఆయన రావడం పలచబడింది. మొదట పొద్దున పూట మానేశాడు. తర్వాత శనివారాలే వచ్చాడు. తర్వాత పత్తి ఏరుతున్నారని ఒక కబురు, చుట్టాలొచ్చారని ఒక కబురు. చివరికి కబుర్లు కూడా రాలేదు.

పక్క సందులో ఫోటో స్టూడియో ఆయన కూడా మారదామని చూస్తున్నాడు. "ఎట్లున్నది మేడం, పైసలకు తగ్గట్టున్నదా?" అని కనిపించినప్పుడల్లా అడుగుతాడు. ఏం చెప్పను? బాగుంది. కరెంటు పోతే పాత యూపీఎస్ అరుపుల మధ్య ఫైలు ఎక్కడ పోతుందోనని గుండె అదిరేది, ఇది అడగకుండానే దాచుకుంటుంది. తెర మీద చూసిన ఎరుపే అచ్చులో వస్తుంది. సాయంత్రానికి కళ్లు మండవు. నాకు అది నచ్చింది, చాలా నచ్చింది. ఆ నచ్చడమే నన్ను తినేసేది. పక్కింట్లో దుఃఖం ఉంటే మనింట్లో బూరెలు వండుకున్నట్టుండేది. "బాగుంది గానీ, మారే ముందు నీకున్నవన్నీ చూసుకో," అని మాత్రం చెప్పేదాన్ని. ఆయన అది ఫోటోల సంగతి అనుకునేవాడు.

అన్న కుర్చీ అలాగే ఉంచాను. ఎవరైనా కస్టమర్ కూర్చుంటే లోపల చిరాకు వేసేది. బజారులో దొరికే అక్షరాలు కొని వాడుతున్నాను. చక్కగానే ఉంటాయి, హోటల్ భోజనంలా. ఎన్నాళ్లు తింటాం? "జెర కిందికి" అనే మనిషి లేక, ఏ అక్షరం ఎక్కడ ఆపాలో నాకే నమ్మకం పోయింది. ఎదురుగా రాయడానికి ఇంత మంచి తెర ఉండి, దాని మీద చూడాలనుకున్నది ఒక్కటీ లేకుండా, ఆ ఏడాదంతా అలాగే గడిచింది.

మళ్లీ నవరాత్రులు దగ్గరపడ్డాయి. ఏటా అన్న వాళ్ల ఊరి ముందు, భవాని అమ్మవారి గుడికి పోయే రోడ్డు మీద ఒక పెద్ద బ్యానర్ కడతారు. అది ఎప్పుడూ అన్న రాతలోనే. ఈసారి ఊరివాళ్లు అడిగితే, "ఏ రాతనన్న పెట్టుకోన్రి," అన్నాడట. ఆ మాట విని నేను ఉండలేకపోయాను. మిషన్‌కు తగిలించి, తెర మీద గీయడానికి వాడే పెన్నూ పలకా కొన్నాను. ఊరికి పోయి ఆయన్ని పిలుచుకొచ్చాను.

ఆయన పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది చెల్లె, గీ వయసుల మల్ల బడికి పంపుతవా?"

"రాసి చూడు అన్నా. చెయ్యి వణికినా గీత వణకదు. మిషనే సరిచేస్తుంది."

ఆయన పెన్ను పట్టుకున్నాడు. చెయ్యి పలక మీద గజగజలాడుతోంది. తెర మీద మాత్రం 'శ్రీ' నూనె పోసినట్టు నున్నగా వచ్చింది. ఎక్కడా చిన్న వంకర లేదు. నాకు పట్టరాని సంతోషమైంది. ఇన్నాళ్లకు ఈ మిషన్ ఋణం తీర్చుకుందనుకున్నాను.

అన్న తల పక్కకు వాల్చి చూశాడు. "మంచిగున్నది," అన్నాడు. "ఎవలిది?"

"నీదే అన్నా. ఇప్పుడే కదా రాశావు."

"నేను గిట్ల రాయలే. నా చెయ్యి మంచిగున్నప్పుడు సుత గింత నున్నగ రాయలే. గిప్పుడైతే అసలే రాయ." పెన్ను కింద పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. "గా సరిజేసుడు బంద్ పెట్టు చెల్లె. నా చెయ్యి ఎట్లున్నదో నన్ను సూడనియ్."

ఆపేశాను. ఆయన మళ్లీ రాశాడు. అంచులన్నీ వణికాయి. ఒకచోట గీత లావై, ఒకచోట సన్నబడి, ఒకచోట జారి మళ్లీ దారిలో పడింది. నేను తల తిప్పుకుందామనుకున్నాను. 'భవాని' దగ్గరికి వచ్చాడు. 'భ' మీద తలకట్టు పెట్టాడు. అది వెనక్కి వాలింది, నుదుటి మీద నుంచి తోసిన రుమాలులా. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనబడకుండా ఏడవడం చేతకాక ఎదురుగానే ఏడ్చాను.

"గిది నాది," అన్నాడు అన్న.

బ్యానర్ కట్టిననాడు ఇద్దరం రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆటో దిగిన ఒక ముసలాయన తలెత్తి చదివి, పక్కనున్నవాడితో, "ఇన్నొద్దులకు మల్ల అన్న రాసిండు," అన్నాడు. అన్న రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఈసారి పూజకు ముందే నాతో అన్నీ బయటికి తీయించి, రెండుచోట్ల దాయించి, అప్పుడు పండు బొమ్మ మీద తనే బొట్టు పెట్టాడు.

బ్యానర్‌కు రాసిన అక్షరాలే అప్పటికి మిషన్‌లో ఉన్నాయి. "ఇంకేం గావాలె జెప్పు, వారం రోజులు కూసుంటే అన్ని రాసిస్త, అయిపోతది," అన్నాడు ఆయన. అయిపోతుందన్న మాటే నాకు నచ్చలేదు.

"తొందరేం లేదన్నా. సోమవారం ఒక పత్రికకు 'ళ' కావాలి. అదొక్కటి రాసిస్తే చాలు," అన్నాను.

సోమవారం వచ్చాడు. చాయ్ తాగాడు, సగం చొక్కాకు పోశాడు, 'ళ' రాశాడు. తర్వాత కుర్చీలో సాయంత్రం దాకా కూర్చుని, నేను పని చేస్తుంటే, "జెర కిందికి," అన్నాడు. పోయిన వారం 'ఠ' అడిగాను. ఆయన నా వంక చూసి, "గిది ఏ పెండ్లికి చెల్లె?" అన్నాడు. ఒక కస్టమర్ అడిగారన్నాను. ఏ కస్టమర్ అని ఆయన అడగలేదు. నవ్వుకుంటూ పలక ముందుకు లాక్కున్నాడు.

ఆయన వణుకు ఈ మధ్య ఇంకొంచెం పెరిగింది. తెలుగుకు యాభై ఆరు అక్షరాలంటారు. గుణింతాలూ ఒత్తులూ కలుపుకుంటే ఇంకా చాలా ఉంటాయి. ఒకప్పుడు అవి తరగడం లేదని విసుక్కున్నదాన్ని, ఇప్పుడు ఆయన చెయ్యి వంక చూస్తూ, ఒక్కోటే అడుగుతున్నాను.