నేను కాపాడలేదు

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి మా మేడం మంచం పక్కన నిలబడి ఉంది. వంగి నా నుదుటి మీద ముద్దు పెట్టింది. ఈ అరబ్బు దేశం వచ్చి ఆవిడ ఇంట్లో పనికి చేరాక ఆవిడ నన్ను తాకడం అదే మొదటిసారి. "నువ్వు నా కూతుర్ని కాపాడావు" అంది, మేమిద్దరం మాట్లాడుకునే అరబ్బీ, హిందీ కలగలుపు భాషలో. తర్వాత ఆవిడ అక్క వచ్చి అదే మాట అంది. నా ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా కట్టులో ఉంది. లోపల ప్లేటు వేసి స్క్రూలు బిగించారని నర్సు చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎందుకో అప్పటికి తెలియలేదు.

జరిగింది ఇది. ముఐథర్‌లో మేముండే ఇంటి నుంచి అల్ తుమామాలో ఉన్న మేడం అక్కగారింటికి భోజనానికి బయల్దేరాం. బండి నడిపేది రాయచోటి వైపు నుంచి వచ్చిన కుర్రాడు. మేడం ముందు సీట్లో కూర్చుంది. వెనక నేను, నా ఒళ్ళో మూడేళ్ళ పాప. బండిలో బిగించి పాపను కూర్చోబెట్టడానికి కొన్న సీటు ఒకటి ఉంది. అందులో కూర్చోబెడితే ఏడుస్తోందని దాన్ని స్టోర్‌రూములో పడేశారు. వెనక బెల్టులు కొత్తగా వేయించిన సీటు కవర్ల కింద ఉండిపోయాయి. వాటిని పైకి తీయిద్దామా అని అంతకుముందు ఒకసారి అడిగాను కూడా. "మాఫీ ముష్కిలా, ఏం కాదులే, దగ్గరే కదా" అంది మేడం.

ఆ రోజు ఆలస్యమైంది. ఆవిడ దారంతా "యల్లా, యల్లా" అని తొందరపెడుతూనే ఉంది. సిగ్నల్ ఎర్రకి మారుతున్నా కుర్రాడు ఆపలేదు. ఎడమపక్కనుంచి వచ్చిన పికప్ బండి సరిగ్గా నా వైపు తలుపును గుద్దింది.

నేను పాపను గుండెకు అదుముకున్నానట. నాకు గుర్తులేదు. తలుపుకీ పాపకీ మధ్య నా చెయ్యి ఉంది, అది విరిగింది. పాప ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఇంటికి తెచ్చాక నన్ను చూడ్డానికి చుట్టాలు వచ్చేవారు. మేడం నన్ను చుట్టాలు కూర్చునే మజ్లిస్ గది గుమ్మం దాకా పిలిచి "ఈమే" అనేది. చెయ్యి మెడకు వేలాడదీసుకుని అక్కడ నిలబడేదాన్ని. ఖర్జూరాలు పెట్టి, దువా చేసి వెళ్ళేవారు. బెల్టుల సంగతి, ఆ సీటు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఫోనులో మా చెల్లి కూడా "దేవుడు నీ చేత పుణ్యం చేయించాడే అక్కా" అంది. ఫోను పెట్టేశాను. వంటచేసే ఫిలిప్పీన్ ఆమె రోజూ నా జడ వేసేది. ఆమె మంచిగానే వేసేది. నా తల ఇంకొకరి చేతుల్లో ఉన్నంతసేపూ పళ్ళు బిగబట్టుకునేదాన్ని.

పాప వచ్చి నాకు నొప్పి ఉన్న పక్కనే అతుక్కునేది. తోసేసేదాన్ని. మళ్ళీ వచ్చేది.

చేతి వ్యాయామాల కోసం అల్ మన్సూరాలో ఒక క్లినిక్‌కి వెళ్ళాల్సి వచ్చింది. తీసుకెళ్ళేది ఆ కుర్రాడే. బండి ఎక్కగానే ఒళ్ళంతా చెమట పట్టేది. ఎడమవైపు ఏ బండి కనబడినా కళ్ళు మూసుకునేదాన్ని.

"నిదానంగానే పోతాండాలే అక్కా" అనేవాడు. చాలారోజులు అతనితో మాట్లాడలేదు. ఒకరోజు అడిగేశాను.

"ఆ రోజు ఎందుకు ఆపలేదు?"

"నిలిపితే మేడం తిడతాది అక్కా. నిలపకపోతే ఇట్లాయె. నన్నేం జేయమంటావో చెప్పు."

 అతని మీద కోపం పోలేదు. కాకపోతే, అదంతా అతనొక్కడి మీదే ఉండడం మానేసింది.

క్లినిక్‌లో నా చెయ్యి పట్టి లేపే ఆవిడ నిజామాబాద్ వైపు ముస్లిం. నా హిందీ విని నవ్వి తెలుగులోకి వచ్చేసింది. "నొస్తే నొస్తుందని చెప్పు. గట్ల లోపల్లోపల మింగకు" అనేది. ఎలా జరిగిందని అడిగితే మొత్తం చెప్పాను. నేనెవర్నీ కాపాడలేదనీ, నా ఒళ్ళో పెట్టబట్టి నా చెయ్యి అడ్డం వచ్చిందనీ చెప్పాను.

"గీ మాట మీ మేడంతోని చెప్పినవా?"

"లేదండి."

"మరి నాకు చెప్తే ఏమొస్తది? లేపు చెయ్యి."

ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఆ రోజు చెయ్యి అంతకుముందుకన్నా పైకి లేచింది.

కొన్నాళ్ళకి ఒక శుక్రవారం అందరం మళ్ళీ అల్ తుమామాకు బయల్దేరాం. మేడం పాపను ఎత్తి నాకు అందిస్తూ, "నీ ఒళ్ళో ఉంటే నాకు భయం లేదు" అంది.

"నాకుంది" అన్నాను.

స్టోర్‌రూముకి వెళ్ళి ఆ సీటును కుడిచేత్తో వాకిట్లోకి ఈడ్చుకొచ్చాను. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. సీటు కవర్లు తీసి బెల్టులు పైకి లాగమని కుర్రాడితో చెప్పాను. అతను మేడం వైపు చూశాడు.

"ఆలస్యమవుతోంది" అంది మేడం.

"అవనీండి."

"పాప ఏడుస్తుంది."

"ఏడవనీండి మేడం. నేను కాపాడలేదు. మీరు ఒళ్ళో పెట్టారు, నా చెయ్యి అడ్డం వచ్చింది. ఇంకోసారైతే నా తల అడ్డం వస్తుంది."

వచ్చీరాని ఆ కలగలుపు భాషలోనే అన్నాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. వెంటనే ఊరికి పంపించేస్తుందనుకున్నాను. పంపిస్తే పంపించనీ అనుకున్నాను. నేను బండి ఎక్కలేదు, పక్కకీ జరగలేదు. చివరికి ఆవిడ కుర్రాడికి తల ఊపింది. అతను కత్తి తెచ్చి కవరు కోసేశాడు.

పాప అల్ తుమామా దాకా ఏడుస్తూనే ఉంది. 

ఆ తర్వాత మేడం చాన్నాళ్ళు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. చుట్టాల ముందుకు పిలవడం మానేసింది. నాకు హాయిగా ఉంది. నన్ను పంపించలేదు. ఎందుకు పంపించలేదో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇప్పుడు చెయ్యి చెవి దాకా లేస్తుంది. వెనక్కి పోదు, పోదని క్లినిక్ ఆవిడే చెప్పింది. ఎడమ కిటికీ పక్కన కూర్చోను. పాప మీద కోపం పోయింది. మిగతాది పోలేదు. అయినదేదో అయింది, మరిచిపో అని మా చెల్లి అంటుంది. "నీ చెయ్యి కాదుగా" అంటాను.