ఓబులేసు పూసిన రంగు

మా కంపెనీ కాగితాల్లో ఓబులేసు ఉత్త హెల్పర్. అయినా ఒమాన్ దేశంలోని దుక్మ్ సైట్‌లో బండ అడ్డం పడినప్పుడల్లా, డిగ్రీలున్న ఇంజనీర్లు ఎవరూ చూడకుండా అతని దగ్గరికొచ్చి దెబ్బ ఎక్కడ వేయాలో అడిగిపోయేవారు. అతను బండ చుట్టూ ఒకసారి తిరిగి, చెప్పుకాలితో ఒకచోట తట్టి, "ఈడ" అనేవాడు. సరిగ్గా అక్కడే పగిలేది. సాయంత్రం రిపోర్టులో ఆ ఘనత ఇంజనీరుగారి లెక్కలకు చేరేది.

కడప జిల్లా పోరుమామిళ్ల దగ్గర వడ్డెర ఇంట్లో పుట్టాడు. నడక వచ్చిన దగ్గర్నుంచీ గాడిదల వెనకే నడిచాడు. చెరువు పూడిక, బావిలో తీసిన రాయి, గోడలకు ఇసుక, అన్నీ వాటి మీదే మోయించేవారు. ట్రాక్టర్లొచ్చి ఆ పని కాస్తా పోయాక, యాభై దగ్గర పడుతుండగా పాస్‌పోర్టు తీయించుకుని మస్కట్ చేరాడు. రెండు వేల ఏడులో మా జట్టుతో దుక్మ్ వచ్చాడు. నేను ఆ క్యాంపులో టైమ్ కీపర్ని. డ్యూటీకి ఎవరొచ్చారో, ఎవరు ముసుగు తన్ని పడుకున్నారో రాయడం నా ఉద్యోగం.

రేవు పనులు అప్పుడే మొదలయ్యాయి. చుట్టూ గులకరాళ్ల మైదానం, ఆగని గాలి. ఆ మైదానంలో దిక్కులేని గాడిదలు మందలు మందలుగా తిరిగేవి. ఎడారిలో ఒంటెలు కాసుకునే బెదూలు పికప్పులు కొనుక్కున్నాక వదిలేసిన గాడిదల మనవలూ మునిమనవలూ అవి. మనిషి కనబడితే పరుగు. వాటిలో ఒక ఆడగాడిద మాత్రం మా వాటర్ ట్యాంకర్ కింద కారే నీళ్ల కోసం ఒంటరిగా వచ్చేది. ముట్టెమీద తెల్లచుక్క. ఓబులేసు రెండు వారాల్లో దానికి చేత్తో రొట్టె తినడం నేర్పాడు. నెల తిరిగేసరికి "సుక్కీ" అని పిలిస్తే ఎక్కడున్నా చెవులు నిక్కించి వచ్చేసేది. ఒకసారి నా హాజరు పట్టీ నమిలేసింది. ఆ రోజు ఎవరెవరొచ్చారని అడిగితే, ఊరెళ్లినవాడు కూడా వచ్చాడనే చెప్పారు అందరూ.

గాడిదల వల్ల గొడవలు అంతకుముందే ఉన్నాయి. ఒంటెల తొట్లు ఖాళీ చేసేస్తున్నాయని బెదూలు గోల పెడుతుండేవారు. ఆపైన మా పికప్ ఒకటి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ మందను తప్పించబోయి బోల్తా పడి, ముగ్గురు ఆసుపత్రి పాలయ్యారు. దాంతో బోలెడు ముద్రలున్న కాగితం ఒకటి పుట్టి, రెండు వేల ఎనిమిది డిసెంబరులో హెలికాప్టర్ దిగింది.

అందులో పైలట్ ఒకడు, తుపాకీ పట్టే దొర ఒకడు. దొర మర్యాదస్తుడు. మా చాయ్ తాగి రెండోది అడిగాడు. వాళ్ల దేశంలో పొలాల మీద పడే అడవిపందుల్ని ఇలాగే గాల్లోంచి కాల్చి తగ్గిస్తాడట. ఇంత మైదానంలో ఒక్కొక్క గాడిదనూ వెతకడం కుదరదు కాబట్టి, ఒకదాన్ని పట్టి మెడకు రేడియో పట్టీ కట్టి వదులుతానన్నాడు. ఒంటరిగా ఉండలేక అది మందను వెతుక్కుంటూ పోతుంది. ఆ రేడియో జాడన హెలికాప్టర్ వెళ్తుంది. పట్టీ ఉన్నదాన్ని వదిలేసి తక్కినవన్నీ కాల్చేస్తారు. మర్నాడు అది ఇంకో మందలో చేరుతుంది.

పిలిస్తే వచ్చే గాడిద అంటే క్యాంపులో అందరికీ ఒకే పేరు తోచింది. మా క్యాంప్ బాస్ ఖాదర్‌వలిదీ కడపే. అతనే ఓబులేసును అడగడానికి వచ్చాడు.

"పట్టీ ఉంటే దాన్ని కాల్చరు మామా. పట్టీ ల్యాకుంటే అది గూడ మందలో ఒక గాడిదే."

"హెలికాప్టర్ తిరిగే ఈ మూడు దినాలు రూమ్ ఎనకాల కట్టేసుకుంటాలే ఖాదరూ."

"క్యాంపులో గాడిదను కట్టేస్తే సేఫ్టీవాళ్లు నన్ను తెచ్చి దాని పక్కన కట్టేస్తారు."

ఓబులేసు ఒక రోజంతా ఆలోచించాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, దొర మాట మీద నిలబడే మనిషేనా అని అడిగాడు. నేను దొరను అడిగాను. దొర గుండెమీద చెయ్యి వేసుకుని, గుర్తు పెట్టిన జంతువును ఇంతవరకు ఒక్కదాన్నీ కాల్చలేదన్నాడు. అదే ఓబులేసుకు చెప్పాను. అతను సుక్కిని పిలిచాడు. అది వచ్చింది.

దొర దాని మెడకు పట్టీ బిగించాడు. దుమ్ములో పట్టీ కంటికి ఆనదు కాబట్టి, మెడ నుంచి తోక దాకా వీపంతా నారింజ రంగు పూయమని ఇంగ్లీషులో చెప్పి, చేత్తో చూపించి, హెలికాప్టర్ వైపు వెళ్లిపోయాడు. అది తెలుగులో చెప్పడానికి నేను గొంతు సవరించుకున్నానో లేదో, సుక్కి వెనక్కి తిరిగి నా మోకాలి మీద ఒక్క తాపు తన్నింది. నేను రంగు డబ్బా పక్కన కూలబడ్డాను. క్యాంపు క్యాంపంతా నవ్వింది. లేచి ప్యాంటు దులుపుకుంటూ, పోయిన పరువు ఎంతో కొంత ఏరుకునే తొందరలో, "బాగా కనబడేట్టు పుయ్యమంటున్నాడు" అని ముక్తసరిగా అనేసి కుంటుకుంటూ వెళ్లి కూర్చున్నాను.

ఓబులేసు శ్రద్ధగా పూశాడు. డొక్కలమీద అటొకటి, ఇటొకటి, జానెడేసి వెడల్పు చారలు. ఆరేదాకా ఈగ వాలకుండా విసిరాడు. మేమంతా పక్కన నిలబడి చూసి, మైలు దూరానికి కూడా కనబడుతుందని మెచ్చుకున్నాం. ఆ మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. పొద్దువాలే వేళకు దాన్ని వదిలిపెట్టాం.

మర్నాడు ఏడింటికి హెలికాప్టర్ లేచింది. కాసేపటికి ఎండుపుల్లలు విరిచినట్టు దూరంగా చప్పుళ్లు. ఓబులేసు వాటిని పట్టించుకోనట్టే బండమీద దెబ్బలు వేస్తున్నాడు. నాలుగు వేశాడు, అయిదు వేశాడు. ఆ బండ పగల్లేదు. అతని చేతికింద రాయి మొండికేయడం నేను చూడటం అదే మొదలు.

దొర తిరిగొచ్చి నేరుగా మా దగ్గరికే నడిచాడు. టోపీ చంకలో ఉంది, రేడియో పట్టీ చేతిలో ఉంది. పైనుంచి చూస్తే పద్నాలుగు వీపులూ ఒకేలా బూడిదరంగులో కనిపించాయని, కిందికి దిగాకే డొక్కలమీద నారింజ కనిపించిందని చెప్పాడు. అంతటి మర్యాదస్తుడూ నా కళ్లలోకి చూడలేదు. రంగు పూసిందెవరని అడిగాడు.

నా చెయ్యి నన్నడక్కుండానే ఓబులేసును చూపించింది.

ఓబులేసు పట్టీ వైపే చూస్తూ, "నాదే తప్పని చెప్పండి సార్" అన్నాడు. ఈసారి మాత్రం ఒక్క ముక్క వదలకుండా తర్జుమా చేశాను.

దొర తక్కిన రెండు రోజులకు ఇంకో గాడిద కావాలన్నాడు. అది అడగడానికి ఖాదర్‌వలికి మొహం చెల్లలేదు. ఉన్నవాళ్లలో ఎవరో తంటాలుపడి పట్టారు. చచ్చిన గాడిదలన్నిటినీ ఒకే గోతిలోకి తోసెయ్యడానికి బుల్డోజర్ వెళ్తుంటే, సుక్కిని ఒక్కదాన్ని తనకు వదలమని ఓబులేసు నాచేత చెప్పించాడు. మర్నాడు శుక్రవారం, సెలవు. గడ్డపార, పార తీసుకుని బయల్దేరాడు. నేను నీళ్ల క్యాను పట్టుకుని వెనకే వెళ్లాను.

అక్కడి నేల జానెడు దిగితే రాయే. సాయం చేద్దామని పది పోట్లు పొడిచేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఓబులేసు గడ్డపార తీసుకుని నన్ను గట్టుమీద కూర్చోబెట్టాడు. అతను నడుం లోతు దిగాడు. ఆ తర్వాత చెప్పేశాను. దొర వీపు మీద పూయమన్నాడని, నేనే ఆ ముక్క మింగేశానని.

అతను తవ్వడం ఆపలేదు.

"తెల్సు సార్. దొర చేత్తో సూపిచ్చినాడు గదా, మెడకాన్నుంచి తోక దంకా. నేను సూసినా."

మరి ఎందుకలా పూశావని అడిగాను.

"ఈపు మింద రంగు పూస్తే ఎండకు గట్టిపడతాది సార్. మూట ఎత్తితే రాసుకోని పుండు పడతాది. మా నాయన గాడిద ఈపు మింద పండగనాడు పసుపు గూడ పెట్టనిచ్చేటోడు కాదు. దొర సూపిచ్చినాడు, సరే. ఆడ పుయ్యను నాకు చెయ్యి రాల్యా. పక్కన పూసినా సాల్లే, కనపడతాది గదా అనుకున్యా."

గుంటలో నిలబడి, గడ్డపార మీద రెండు చేతులూ ఆనించి, అతనే మళ్లీ అన్నాడు.

"ఈ ఎడారిలో దాని మింద మూట ఎత్తేటోడు ఎవుడున్నాడు సార్?"

అని, నన్ను గట్టు అంచు నుంచి కొంచెం జరిగి కూర్చోమని, మూరెడు లోతు మళ్లీ తవ్వాడు.