ఎండకు కాగిన తూటాలు

రైఫిల్ క్లబ్బులో చేరిన రెండో ఏడు మా ఆయన తూటాలు తనే నింపుకోవడం మొదలుపెట్టారు. కాన్‌బెర్రాలో, హారిసన్‌లోని మా ఇంటి గరాజ్‌లో కూర్చుని, చిన్న తక్కెడలో తుపాకి మందు తూచి ఇత్తడి తొడుగుల్లో పోసేవారు. చలికాలమంతా, గడ్డి మీద మంచు పేరుకున్న పొద్దుల్లో వెళ్లి కాల్చి చూసి, గురి బాగా కుదిరే కొలత ఒకటి తేల్చుకున్నారు. ఆ మందుకు అనుమతించిన గరిష్ఠ కొలతకు అది బాగా దగ్గర.

వేడెక్కితే అదే మందు ఇంకా జోరుగా మండుతుందనీ, లోపల ఒత్తిడి పెరుగుతుందనీ, హద్దు దాటితే తుపాకే పగలవచ్చనీ నాకు చెప్పింది ఆయనే.

ఆస్ట్రేలియాలో జనవరి నడివేసవి. ఆ నెలలో పోటీకి నేనూ వెళ్లాను. ఎండ నలభై దాటింది. ఆయన వంతు వచ్చేదాకా తూటాల డబ్బా కాంక్రీటు మీద ఎండలోనే ఉంది. మూత ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"ఏవండీ, ఇది కాలిపోతోంది. నీడలో పెట్టనా?"

"ఏం కాదులే. ఊరికే టెన్షన్ పడకు."

మొదటి తూటా పేలింది. చెవులు మూసుకున్నా ఆ చప్పుడు ఎప్పటిలా లేదు. కాల్చాక ఖాళీ తొడుగు తీయడానికి రెండు వేళ్లతో రైఫిల్ బోల్ట్ తెరిచే మనిషి, ఈసారి అది బిగుసుకుపోతే అరచేత్తో కొట్టి తెరిచారు. పిలిచాను. వినబడలేదు. ఇంకో తూటా పెట్టారు.

ప్రమాదం కనిపిస్తే ఎవరైనా కాల్పులు ఆపించవచ్చని అక్కడి నియమం. నలుగురిలో గొంతెత్తని నేను "స్టాప్!" అని అరిచాను. కాల్చేవాళ్ల వరసంతా ఆగిపోయింది. అందరూ నా వైపే చూశారు.

"ఏంటిది? అందరి ముందూ పరువు తీస్తావా?" అన్నారు ఆయన.

రేంజ్ చూసుకునే పెద్దాయన తూటా బయటికి తీయించి, కింద పడ్డ ఖాళీ తొడుగు ఎత్తి చూశాడు. అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్, ఒత్తిడి మితిమీరి నున్నగా చదునైపోయింది.

"షీ ఈజ్ రైట్, మేట్. ప్యాక్ అప్."

ఇంటికొచ్చి, మిగిలిన తూటాలు చల్లారాక ఆయన గరాజ్‌లో కూర్చుని ఒక్కొక్కటే విప్పి మందు వొంపేశారు.

"ఇంకొకటి కాలిస్తే ఏమయ్యేది?" అని అడిగాను.

"ఏమీ అయ్యేది కాదేమో." ఇంకో తూటా విప్పుతూ అన్నారు, "చప్పుడు తేడాగా ఉందని నాకూ తెలిసింది. పోటీ కదా అని..."

రేంజ్‌లో కంటే ఆ మాట విన్నాకే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ తర్వాత మందు తగ్గించి, మండుటెండలోనే మళ్లీ పరీక్షించుకున్నారు. బోల్ట్ తేలిగ్గానే తెరుచుకుంటోందట. అయినా ఆయన శనివారం రేంజ్‌కి వెళ్లడానికి కారు తీస్తుంటే, చేతిలో పని వదిలేసి నేనూ వెళ్లి పక్క సీట్లో కూర్చుంటాను.