రెండింటి మాట్నీకి పిలుపు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట అన్నవాడే ఆ తర్వాత గంటసేపు దయ్యం కథ చెబుతాడని మా ఆవిడ వెక్కిరిస్తుంది. కానీ నా ఉద్యోగం అలాంటిది. వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో ఒక రెస్ట్‌హోమ్‌లో ఆరేళ్లుగా కేర్‌గివర్‌గా చేస్తున్నాను. ముసలివాళ్లకు స్నానం చేయించడం, గెడ్డం గీయడం, తినిపించడం, పోయాక ఒళ్లు తుడిచి మంచి బట్టలు వేయడం నా పని. నా చేతుల మీదుగా వెళ్లినవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. కట్టుడు పళ్లు మరిచిపోయి వెళ్లినవాళ్లు కూడా వాటికోసం రాలేదు.

అందుకే ఇది రాయడానికి రెండేళ్లు తటపటాయించాను. జరిగింది జరిగినట్టు, టైములతో సహా చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

ఆయన పేరు నార్మన్. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలుస్తారు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషిని అలా అనడానికి నాకు నోరు రాదు కాబట్టి నార్మన్ గారనే రాస్తాను. ఇంగ్లండులో ఆయన నటుడు. పెద్ద స్టారేం కాదు. "ఈయన్ని ఎక్కడో చూశామే" అనిపించే రకం.

పొద్దున్నే గెడ్డం గీసేటప్పుడు ఆయన జీవితాన్ని ముక్కలు ముక్కలుగా విన్నాను. సముద్రం పక్కన చిన్న ఊరు, తండ్రిది మాంసం కొట్టు. పదహారేళ్లకే నాటకాల కంపెనీలో చేరారు. మొదట తెర లాగే పని, తర్వాత ఈటె పట్టుకుని నిలబడే భటుడి వేషం. వారానికో కొత్త నాటకం ఆడేవారట. పగలు వచ్చే వారం నాటకానికి రిహార్సలు, సాయంత్రం ఈ వారం నాటకం. ఒక్కోసారి ఇందులో నిలబడి అందులో డైలాగు చెప్పేసేవారట.

ఆ తర్వాత లండన్, సినిమాలు. సినిమాల్లో బట్లరు, చర్చి ఫాదరు, మిలిటరీ ఆఫీసరు. "నేను తెరిచినన్ని తలుపులు ఇంగ్లండులో ఎవరూ తెరవలేదు" అని నవ్వేవారు. చివరికి టీవీలో పోలీసు సార్జెంటు వేషం ఏడేళ్లు నడిచింది. అప్పుడే వీధిలో జనం పలకరించడం మొదలైంది. అరవై దాటాక ఒక సినిమా షూటింగుకి వెల్లింగ్టన్ వచ్చి, ఈ దేశంలోనే స్థిరపడిన కూతురి కోసం ఉండిపోయారు. అప్పటికే భార్య లేదు.

భార్య డోరతీ అదే కంపెనీలో స్టేజ్ మేనేజరు. నటుల గదుల తలుపులు తట్టి ఆటకి ఎంత టైముందో చెప్పడం ఆవిడ పని. రెండు దెబ్బలు కొట్టి ముందు "హాఫ్ అన్ అవర్ ప్లీజ్" అంటారు. తర్వాత "క్వార్టర్", ఆ తర్వాత "ఫైవ్ మినిట్స్". ఆఖరిది "బిగినర్స్". అంటే మొదటి సీనులో ఉన్నవాళ్లు లేచి స్టేజి పక్కకి రమ్మని. ప్రతి పిలుపుకీ లోపలినుంచి నటుడు "థాంక్యూ" అనాలి. అనకపోతే మళ్లీ తడతారు. "నలభై ఏళ్లు ఆవిడ పిలిచింది, నేను థాంక్యూ అన్నాను. మా కాపురం అంతే" అనేవారు నార్మన్ గారు.

ఆవిడ ఒక శనివారం మధ్యాహ్నం ఆసుపత్రిలో పోయింది. ఆ టైముకి ఈయన స్టేజి మీద ఉన్నారు. కబురు తెలిసి కూడా మాట్నీ పూర్తి చేశారో, పూర్తయ్యాకే తెలిసిందో, ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవారు. నేను గుచ్చి గుచ్చి అడగలేదు.

కూతురు హెలెన్ పామర్‌స్టన్ నార్త్‌లో ఉంటారు. ప్రతి ఆదివారం రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చేవారు. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే.

"అమ్మ పోయినప్పుడు నాన్న స్టేజి మీద, నేను ఈ దేశంలో. పక్కన ఎవరూ లేరు. నాన్నకి అలా జరగకూడదు. ఆ టైముకి ఆయన చెయ్యి నా చేతిలో ఉండాలి. నువ్వు ఫోన్ చేస్తావు కదూ?"

చేస్తానన్నాను. మాటిచ్చాను.

మతిమరుపు ముదిరాక నార్మన్ గారు స్నానమంటే కొట్టడానికి వచ్చేవారు. అప్పుడు హెలెనే ఒక ఉపాయం చెప్పారు. తలుపు రెండుసార్లు తట్టి "హాఫ్ అన్ అవర్" అనమన్నారు. అన్నాను. ఆయన వెంటనే "థాంక్యూ" అని తనే చొక్కా గుండీలు విప్పుకున్నారు. నేను బిత్తరపోయాను. అప్పటినుంచి రోజూ అదే. "హాఫ్"కి స్నానం, "క్వార్టర్"కి గెడ్డం, "ఫైవ్"కి టీ. టీ తాగేసరికి అన్నీ మరిచిపోయేవారు.

"బిగినర్స్ మాత్రం ఎప్పుడూ అనకు" అని హెలెన్ గట్టిగా చెప్పారు. ఒకసారి ఇంట్లో ఆవిడ సరదాకి అంటే, ఆయన స్టేజిని వెతుక్కుంటూ వెళ్లి మెట్ల మీద పడ్డారట. కాబట్టి నేను ఎప్పుడూ అక్కడిదాకా వెళ్లలేదు. మిగతా పిలుపులకి కూడా నేను గడియారం చూసింది లేదు. నా వీలుని బట్టి ఒక్కోరోజు పది నిమిషాల్లో మూడూ అయిపోయేవి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మాది చీరాల. మా మేనమామ పరిషత్తు నాటకాలకి మేకప్ వేసేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట తెర వెనక తిరిగాను. మన నాటకాలకి మూడు గంటలు కొడతారు. మూడో గంట కొట్టగానే తెర లేస్తుంది. దాంతో నాటకాల సంగతి నాకు తెలుసనుకున్నాను. "ఫైవ్ మినిట్స్" అంటే ఐదు నిమిషాల్లో తెర లేస్తుందనే అనుకున్నాను.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. నేను తలుపు తట్టినా కళ్లు తెరిచేవారు కాదు. వారాలే అన్నాడు డాక్టరు. ఆరు వారాలు ఆ నోటినుంచి ఒక్క మాట రాలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన కాళ్లకి క్రీము రాస్తున్నాను. బయట బాగా ఎండ కాస్తోంది. గది తలుపు బార్లా తెరిచి ఉంది, వెనక గోడకున్న అయస్కాంతం దాన్ని పట్టుకుని ఉంటుంది. ఆ తలుపు మీద చెక్కని వేళ్లతో కొట్టినట్టు రెండు దెబ్బలు వినిపించాయి. ఆ వెంటనే ఒక ఆడ గొంతు. వయసులో ఉన్న మనిషి గొంతు, పనిలో ఉన్న మనిషి గొంతు.

"హాఫ్ అన్ అవర్ ప్లీజ్."

తల తిప్పాను. తలుపు కళ్లెదుటే ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. కారిడార్ ఖాళీ.

"థాంక్యూ" అన్నారు నార్మన్ గారు. స్పష్టంగా, అవతలి గదికి వినపడేలా.

ఆ "థాంక్యూ"కి మందుల ట్రాలీ వదిలేసి సంధ్యక్క పరుగెత్తుకొచ్చింది. అక్కది కరీంనగర్, మా దగ్గర నర్సు. "ఎవరితోని మాట్లాడిండు?" అంది. తలుపు చప్పుడు తను వినలేదు. బీపీ, నాడి, ఊపిరి అన్నీ చూసింది. "అన్నీ నిన్నటి లెక్కనే ఉన్నయ్ తమ్మీ. ఊకె పరేషాన్ గాకు."

నేను ఆగలేకపోయాను. హెలెన్‌కి ఫోన్ చేశాను. ఆ కాల్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది, 1:27. ఆవిడ అప్పటికే దారిలో ఉన్నారు, పారాపరాము ఊరు దాటారు. ఏమైందని అడిగారు. ఏం చెప్పను? "ఏం కాలేదు, కాస్త తొందరగా రండి" అన్నాను. ఇంకో అరగంటలో ఉంటానన్నారు.

బాత్‌రూమ్ చూశాను. పక్క గది చూశాను. అందులో చెవుడున్న పెద్దావిడ నిద్రపోతోంది. ఎవరి టాబ్లెట్‌లోనైనా సినిమా నడుస్తోందేమోనని అటూ ఇటూ గదులన్నీ తిరిగాను. లాంజ్ టీవీలో రగ్బీ తప్ప ఏమీ లేదు.

1:40కి మళ్లీ రెండు దెబ్బలు. "క్వార్టర్." ఆయన "థాంక్యూ" అన్నారు. 1:50కి ఇంకోసారి. "ఫైవ్ మినిట్స్." ఈసారి సంధ్యక్క మంచం పక్కనే కూర్చుని ఉంది. ఆయన "థాంక్యూ" తను విన్నది. తలుపు వైపు ఉలిక్కిపడి చూసిన నన్నూ చూసింది. "నీ మొఖమేంది గట్లయింది?" అంది.

నేను గోడ గడియారం ముందు నిలబడ్డాను. అరగంట అన్నది 1:25కి. ఐదు నిమిషాలన్నది 1:50కి. ఎలా లెక్కపెట్టినా 1:55. ఆ ఐదు నిమిషాలు నేను చేయగలిగింది ఏమీ లేదు. మందు లేదు, డాక్టరు లేడు, దేవుడి పేరు కూడా నాలుక మీదికి రాలేదు. సెకన్ల ముల్లు తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

1:55 అయింది. సెకన్ల ముల్లు పన్నెండు దాటింది. ఆయన గుండె పైకి లేస్తోంది, దిగుతోంది. ఏమీ కాలేదు.

నాకు నవ్వొచ్చింది. ఆదివారాలు కూడా డ్యూటీ చేస్తే చెవుల్లో ఇలాగే వినపడుతుంది మరి అనుకున్నాను. సరిగ్గా అప్పుడే హెలెన్ ఫోన్ చేశారు. మన వీధి మొదట్లో ఉన్నాను, ఎలా ఉన్నారు అన్నారు.

"బాగానే ఉన్నారు. నేనే అనవసరంగా కంగారు పెట్టాను. మెల్లగా రండి, టైముంది" అన్నాను.

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలారు. అయితే డెయిరీ దగ్గర ఆగి నాన్నకి పెప్పర్‌మింట్లు కొంటానన్నారు. ఇక్కడ వీధి చివరి చిల్లర కొట్టుని డెయిరీ అంటారు. ప్రతి ఆటకి ముందు ఆయన పెప్పర్‌మింట్ చప్పరించేవారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశారు.

నా చేతిలో ఫోన్ ఇంకా వెచ్చగానే ఉంది, గడియారంలో 1:56 కూడా కాలేదు. తలుపు మీద రెండు దెబ్బలు.

"బిగినర్స్ ప్లీజ్."

ఈసారి "థాంక్యూ"కి శబ్దం లేదు, పెదవులే కదిలాయి. ఆరు వారాలుగా కదలని కుడి చెయ్యి లేచి మెడ దగ్గర కాలర్ సర్దుకుంది. సంధ్యక్క లేచి నిలబడింది.

హెలెన్‌కి ఫోన్ చేశాను. మోగింది. మళ్లీ చేశాను, మోగింది. మూడోసారీ మోగింది. ఫోన్ కారులో పెట్టి ఆవిడ కొట్లోకి వెళ్లారని తర్వాత తెలిసింది. పరుగెత్తి వెళ్లి తీసుకురావాలనిపించింది, ఈయన్ని వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు. అక్కడికీ వెళ్లలేదు, ఇక్కడా ఏమీ చేయలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. అక్కడ ఉండాల్సిన చెయ్యి నాది కాదు.

సంధ్యక్క కాగితంలో రాసిన టైము రెండు గంటలు.

2:06కి హెలెన్ వచ్చారు. చేతిలో పెప్పర్‌మింట్ల పొట్లం ఉంది. మా ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. పొట్లం మంచం మీద పెట్టి ఆయన చెయ్యి అందుకున్నారు. నన్ను తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

రెండు వారాల తర్వాత ఆవిడ ఆయన ఫొటోలు తెచ్చి లాంజ్‌లో అందరికీ టీ ఇచ్చారు. నాకు ఒక పాత ఫొటో చూపించారు. తలుపు ముందు చేతిలో కాగితాల అట్టతో ఒక అమ్మాయి, వేళ్లు ముడిచి తలుపు తట్టబోతోంది. అమ్మ అన్నారు. అలా మాటల్లో, అమ్మ లెక్క భలే కచ్చితమని చెప్పారు.

"నాటకం వాళ్ల టైము వేరు. పిలుపులన్నీ తెర లేచే టైముకి కాదు, బిగినర్స్‌కి లెక్క. బిగినర్స్ పిలిచాక ఇంకా ఐదు నిమిషాలకి తెర. రెండింటి మాట్నీకి హాఫ్ అంటే 1:25. కొత్తవాళ్లందరూ పొరబడతారు."

ఇంకోసారి చెప్పమన్నాను. ఆవిడ నవ్వి ఇంకోసారి చెప్పారు. నేను ఫోన్ తీసి ఆ ఆదివారం కాల్ టైము మళ్లీ చూశాను, 1:27.

ఆ పిలుపుల సంగతి ఆవిడకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. "చెప్పు తమ్మీ, లేకుంటే అది నిన్ను తింటది" అంటుంది సంధ్యక్క. "చెప్పి ఆవిడ్ని ఇంకా ఏడిపిస్తారా ఏంటండీ" అంటుంది మా ఆవిడ. ఇద్దరి మాటా నిజమే.

ఆ గొంతు ఎవరిదో నేను చెప్పను. డోరతీ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. నా బుర్రే అలా ఊహించుకుందని చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఊహించుకుంటే నాకు తెలిసిన లెక్కే వినపడాలి కదా. నా లెక్కలో 1:55కే అంతా అయిపోవాలి. నాకు తెలియని లెక్క, నిమిషం తేడా లేకుండా, నా చెవిలో ఎలా పడింది?

ఏటా ఆ రోజుకి హెలెన్ మెసేజ్ పెడతారు. రెండేళ్లుగా ఒకటే మాట. "నువ్వు టైముకే పిలిచావు. నేనే ఆ పెప్పర్‌మింట్ల కోసం ఆగాను."

మీరు ఆగింది నేను చెప్పినందుకని టైప్ చేస్తాను, చెరిపేస్తాను. ఇప్పుడు ఎవరి ఇంటికి ఫోన్ చేసినా రమ్మని మాత్రమే చెబుతాను. మెల్లగా రండి, టైముంది అని మాత్రం అనను.