ఏడో మెట్టు మీద నీళ్లు

ముందు మనుషుల చేత ఆడించి చూస్తే తప్ప కృపానందం మాస్టారు ఏ సర్క్యూట్‌కీ కరెంటు ఇవ్వనిచ్చేవారు కాదు. సర్క్యూట్ పనిచేస్తుందో లేదో కట్టకముందే చెప్పే కంప్యూటర్లు మహానగరాల్లో ఉన్నాయని 1978లో అందరూ చెప్పుకునేవారు. బెజవాడలో మాస్టారు పాఠాలు చెప్పే పాలిటెక్నిక్‌లో ఆ పని మేడమెట్లు చేసేవి.

ఈ భాగోతంలో శాశ్వత బాధితుడు ఆఖరి సంవత్సరం అంకమ్మరావు. పెడన నేతపనివారి అబ్బాయి. చేత్తో ఏ పనైనా చేస్తాడు గానీ ప్రశ్న అడిగితే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. నోటిపరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారీ పోతే డిప్లొమా ఆశ వదులుకోవాల్సిందే.

అతని ప్రాజెక్టు, హాస్టల్ ట్యాంకు నిండగానే మోటారు ఆపే సర్క్యూట్. నీళ్లు మెల్లగా పెరుగుతాయి. మోటారుకేమో ఆగడం, నడవడం, ఈ రెండే తెలుసు. మధ్యన తీర్పు చెప్పేది ఐసీ అనే ఒక చిన్న చిప్పు.

"శౌరయ్యా, నువ్వు నీళ్లు. మెట్లెక్కు" అన్నారు మాస్టారు. ల్యాబ్ అటెండరు శౌరయ్య తన సర్వీసులో నీళ్లూ, ఎండా, ఒకసారి పిడుగూ కూడా అయ్యాడు. "అంకమ్మరావూ, నువ్వు ఐసీవి. ఏడో మెట్టంటే ట్యాంకు నిండినట్టు. శౌరయ్య అక్కడికెక్కితే చెయ్యెత్తు, దిగితే దించు. సొలొమోనూ, నువ్వు మోటారువి. చెయ్యి లేస్తే కూర్చో, దిగితే లే."

మెట్ల మీద జనం నవ్వుకుంటూ పోతుంటే అంకమ్మరావుకు తల కొట్టేసినట్టయింది. శౌరయ్య సరిగ్గా ఏడో మెట్టు దగ్గర మోకాలు నొప్పంటూ ఆరుకీ ఏడుకీ మధ్య ఊగసాగాడు. అంకమ్మరావు చెయ్యి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. అతని క్లాస్‌మేట్ సొలొమోను ముప్ఫై గుంజీళ్లు తీసి కూలబడ్డాడు.

"మోటారు కాలిపోయిందండీ!" అన్నాడు రొప్పుతూ.

"ఎవరి వల్ల?" అన్నారు మాస్టారు.

"నా వల్లేనండి" అన్నాడు అంకమ్మరావు. "ఏడుకి ఎత్తిన చెయ్యి ఐదుకి దిగేదాకా దించకూడదండి."

"ఆ ముక్క నీ సర్క్యూట్‌కి చెప్పు" అని మాస్టారు వెళ్లిపోయారు. ఆ ముక్క చెప్పడానికే అంకమ్మరావు సర్క్యూట్‌లో అదనంగా ఒక రెసిస్టర్ కలిపాడు.

నోటిపరీక్షనాడు ఎగ్జామినర్ రామకోటేశ్వరరావు గారు ఆ రెసిస్టర్ మీదే వేలు పెట్టారు. "ఇదెందుకయ్యా?"

నాలుక అతుక్కుపోయింది. ఎగ్జామినర్ పెన్ను మార్కుల కాగితం మీదికి వంగింది.

"సార్, తమరు నీళ్లు. ఒక్కసారి మెట్లెక్కాలి" అన్నారు మాస్టారు, కాఫీకి పిలిచినంత మామూలుగా.

ఏమనాలో తోచక ఆ పెద్దమనిషి ఎక్కారు. ఏడో మెట్టుకి అంకమ్మరావు చెయ్యి లేచింది. దాంతో నోరూ లేచింది. "ఇప్పుడు మీరు ఆరుకి దిగినా నేను దించనండి! నీళ్లు ఊగినప్పుడల్లా ఆగి నడిస్తే మోటారు కాలిపోద్దండి. ఆ రెసిస్టర్ అందుకేనండి. ఐదుకి దిగి చూడండి!"

ఆయన ఐదుకి దిగారు. చెయ్యి దిగింది. అంకమ్మరావు పాసయ్యాడు.

"శౌరయ్య గారూ, మీ మోకాలు నొప్పే నన్ను గట్టెక్కించింది" అన్నాడు సాయంత్రం టీ ఇప్పిస్తూ.

"నొప్పా, నా బొందా! అక్కడ ఊగమన్నది మాస్టారే బాబూ. ఆ రెసిస్టర్ సంగతి ఆయన నెల ముందే కాగితం మీద తేల్చేశారు. 'చెబితే వాడికి నోటికి రాదు, చేతికి తెలియాలి' అన్నారు."

అంకమ్మరావు టీ వదిలేసి పరుగెత్తాడు. మాస్టారి ముందు నిలబడి థ్యాంక్స్ చెప్పబోతే మాట రాలేదు. చెయ్యి మాత్రం దానంతటదే పైకి లేచింది.

"సరే, అందింది. ఇక దించు" అన్నారు మాస్టారు.

"అంత తొందరగా దించనండి" అన్నాడు అంకమ్మరావు.