మా కోడలి శ్రావణమాసం యాడ్లు

మా కోడలు ఏం ఉద్యోగం చేస్తాదని ఎవరైనా అడిగితే మొదట్లో ‘కంప్యూటర్ పని’ అని ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఊరుకోను. కూర్చోబెట్టి మొత్తం చెప్పిగాని పంపను.

మాది సాలూరు. మా ఇంటాయన లారీ తోలి తోలి నడుం పట్టేసి ఇంటిపట్టున ఉన్నాడు. ఆ లారీయే ఇప్పుడు అబ్బాయి తోలుతున్నాడు. కోడలు మేడ మీద గదిలో కూర్చుని, విశాఖపట్నంలో ఉన్న ఒక వార్తల వెబ్‌సైటుకి పనిచేస్తాది. ఫోన్లో వార్త చదువుతుంటే మధ్యలో చీరల కొట్టు, బంగారం కొట్టు బొమ్మలు వస్తాయి చూడండి, అవి వాటంతటవి రావు. యాడ్ సర్వర్ అని ఒకటుంటాది. ఏ ఊరి పేజీలో ఏ కొట్టు బొమ్మ రావాలి, ఎప్పుడు మొదలవాలి, ఎప్పుడు తియ్యాలి, అన్నీ దానికి చెప్పాలి. ఆ చెప్పడమే మా కోడలి పని. ఒకే యాడ్‌ని పార్వతీపురం పేజీకి, బొబ్బిలి పేజీకి, విజయనగరం పేజీకి, శ్రీకాకుళం పేజీకి విడివిడిగా పెట్టాలి. అదే బొమ్మ, అదే టైము, అవే నొక్కుళ్ళు. సాయంత్రానికి మణికట్టు వాచిపోయేది. కొబ్బరినూనె వెచ్చబెట్టి రాసేదాన్ని.

మామూలు రోజులు ఎలాగో గడిచేవి. శ్రావణమాసం వస్తే మాత్రం ప్రాణం మీదకొచ్చేది. మా వైపు కొట్లవాళ్ళు యాడ్‌కి కూడా ముహూర్తం పెట్టిస్తారు. కొత్త షాపు తలుపు తీయడం ఎంతో, ఇదీ వాళ్ళకి అంతే. ఒక్కో కొట్టుకి ఒక్కో పంతులు, ఒక్కో పంతులిది ఒక్కో టైము. రాహుకాలంలో మొదలైందా, ఇక గొడవే. అంతా పెట్టేసేక ఫోన్ చేసి, మా పంతులుగారు టైము మార్చేరమ్మా అంటారు. మళ్ళీ అన్ని ఊర్ల పేజీలూ మొదటి నుంచీ మార్చుకోవాలి.

మొన్న శ్రావణం వస్తుందనగా ఆఫీసు మేనేజరు ఫోన్ చేసేడు. ఇంట్లో కూర్చుని ఒక్క మనిషి ఇన్ని పెట్టడం అయ్యే పని కాదన్నాడు. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం యాడ్లు తప్పు లేకుండా వెళ్తే సరే, లేకపోతే ఆ పని విశాఖలోనే వేరే కంపెనీకి ఇచ్చేస్తామన్నాడు. ఆ పూట కోడలు అన్నం కలిపింది గాని తినలేదు. పెళ్ళయ్యేక ఉద్యోగం మానేయమని చెప్పినవాళ్ళు మా చుట్టాల్లో తక్కువేం లేరు. అందరితోనూ పోట్లాడి నిలబెట్టుకున్న పని అది.

ఏటి చేస్తావే అనడిగితే, సర్వర్‌కి ఇంకో దారి ఉన్నాదని చెప్పింది. ఏపీఐ అంటారట. మనిషి కూర్చుని నొక్కక్కర్లేదు, ప్రోగ్రాం ఒకటి రాసిపెడితే అదే వెళ్ళి సర్వర్‌తో మాట్లాడుకుంటాదట. నాకు బుర్రకెక్కలేదని మా ఇంటాయన విప్పి చెప్పేడు.

“లారీ ఆఫీసులో లోడు కావాలంటే ప్రతి డ్రైవరూ లోపలికి పోతాడేటి? కిటికీ దగ్గర మేస్త్రీ నిలబడి అందరి తరఫునా అడిగేస్తాడు. ఇదీ అంతే.”

“అంతే మావా,” అంది కోడలు. “కాపోతే ఈ మేస్త్రీ మాటిమాటికీ టీకి పోడు.”

మొదట్లో ఆ సర్వర్ దేనికీ ఒప్పుకోలేదు. తాళం లాంటి పాస్‌వర్డ్ తప్పన్నాది, బొమ్మ సైజు సరిపోలేదన్నాది, ఆ ఊరెక్కడుందన్నాది. కోడలు ఒక్కోటీ దిద్దుకుంటూ పోయింది. వ్రతం ఇంకా రెండ్రోజులుందనగా, బుధవారం మధ్యాహ్నం, కొట్లవాళ్ళ యాడ్లన్నీ ప్రోగ్రాంకి అప్పజెప్పింది.

సాయంత్రం టీ తీసుకుని నేను మేడెక్కేసరికి అంతా అయిపోయింది. సర్వర్ తిరిగి చెప్పిన టైములు కోడలు పైకి చదువుతోంది, మా ఇంటాయన మంచం మీద కూర్చుని వింటున్నాడు. విజయనగరంలో కొత్త పట్టుచీరల షోరూం, గురువారం పొద్దున్న నాలుగు దాటేక, అని చదివింది.

“రేపే తీసేస్తారేటి తలుపులు?” అన్నాడాయన. “వ్రతం ఎల్లుండి కదే.”

కోడలు చదవడం ఆపేసింది. షోరూం వాళ్ళు పంపింది ‘గురువారం రాత్రి నాలుగు దాటేక, తెల్లవారితే శుక్రవారం’ అని. శుభలేఖల్లో మనం వేయించుకునేదే. మనకి పొద్దు పొడిచేదాకా గురువారమే. మిషనుకి అర్ధరాత్రి దాటితే రోజు మారిపోతాది. గురువారం, నాలుగు, అన్నంతవరకే చూసుకుని ఒక రోజు ముందే పెట్టేసింది. ఈ ఒక్క షోరూమే కాదు, తెల్లారగట్ల ముహూర్తం ఉన్న కొట్లన్నీ, అన్ని ఊర్ల పేజీల్లోనూ.

కోడలు నెత్తి మీద కొట్టుకుంది. “నా పెళ్ళీ తెల్లవారితే శుక్రవారమే కదత్తా.”

“ఆ లెక్కన పెళ్ళికొడుకు రాకముందే తాళి కట్టించేసుండేది నీ మిషను,” అన్నాడు మా ఇంటాయన.

నాకు నవ్వు రాలేదు. చేత్తో మార్చాలంటే తెల్లారేదాకా కూర్చున్నా అవదు. తెల్లారితే యాడ్లు బయటపడిపోతాయి. ముహూర్తం తప్పించేరని కొట్లవాళ్ళు ఊరుకోరు, కోడలి పని పోయినట్టే.

కోడలు మాత్రం కంగారు పడలేదు. ‘తెల్లవారితే’ అని ఉన్నచోట మరుసటి రోజుకి మార్చమని ప్రోగ్రాంలో ఒక్క మాట రాసి మళ్ళీ నడిపించింది. ఒక్కో కొట్టూ, ఒక్కో ఊరూ, మార్చేను, మార్చేను అని సర్వర్ జవాబులు తెర మీద జలజలా పడ్డాయి. నేను తెచ్చిన టీ మీద మీగడైనా కట్టలేదు. మళ్ళీ అన్నీ పైకి చదివించుకున్నాడు మా ఇంటాయన. ఈసారి వేళాకోళం ఆడలేదు, ఒక్కోదానికీ ‘ఊఁ’ అంటూ విన్నాడు.

గురువారం తెల్లారింది, ఒక్క యాడూ ముందు రాలేదు. మధ్యాహ్నం ఒక బంగారం కొట్టాయన, పంతులుగారు టైము మార్చేరని మేనేజరుకి ఫోన్ చేస్తే, ఆయన గాభరాగా ఇక్కడికి చేసేడు. ఆయన మాట ముగియకుండానే “అయిపోయింది సార్, చూసుకోండి” అంది కోడలు.

శుక్రవారం వ్రతానికి ఎలాగూ తెల్లారగట్లే లేచేను. తడి జుట్టుతోనే ఫోన్ పట్టుకుని విజయనగరం పేజీ తెరిచేను. అప్పటిదాకా సిమెంటు బస్తా బొమ్మే ఉంది. టైమయింది, ఎర్ర పట్టుచీర వచ్చింది.

“అత్తా, సూసినావా?” అని మేడ మీంచి కేక.

“సూసేనే తల్లీ,” అన్నాను. కళ్ళనీళ్ళు తిరిగేయి నాకు.

పూజ అయ్యేసరికి కోడలికి మేనేజరు ఫోన్. పని ఎక్కడికీ పోదు, నీ దగ్గరే ఉంటాదన్నాడు. మా ఆఫీసువాళ్ళకి కూడా ఇది నేర్పాలి, ఒకసారి విశాఖ రామ్మా అన్నాడు.

“నేర్పుతాను సార్. కాని నేను రాను, వాళ్ళనే సాలూరు పంపండి. మా అత్త భోజనం పెడతాది,” అంది.

నిజంగానే పంపించేడు. బస్సెక్కి వచ్చేరు, మంచి ఆకలి మీద వచ్చేరు.