బొగ్గోడు చచ్చిపోయినాడు

చిత్తూరులో కాట్పాడి రోడ్డు పక్కన కుప్పుస్వామి మొదలారికి ఒక సినిమా కొట్టాయి ఉండేది. పైన రేకులు, చుట్టూ తాటాకు దడి. వారమంతా తెలుగు, అరవ పిక్చర్లు ఆడేవి. ఆదివారం మధ్యాహ్నం మాత్రం దడికి గోనెపట్టాలు కట్టి, చీకటి చేసి, ఇంగ్లీషు పిక్చరు ఆడించేవాళ్ళు. దానికి ఇంగ్లీషు ముక్క రానోళ్ళే ఎక్కువ వచ్చేవాళ్ళు. ఎందుకంటే తెర పక్కన పీట మీద, రేకు గొట్టం నోటికి పెట్టుకోని, దేవరాజులన్న కథ చెప్పేవాడు.

నా పేరు జ్ఞానాంబ. అప్పట్లో నేను చిత్తూరు మిషను బడిలో టీచరును. నాదీ దేవరాజులన్నదీ ఒకటే మాలపల్లె. ఆయన నాయన చెరువు నీళ్ళు పారగట్టే నీరటి. దేవరాజులన్న పదేండ్లకే బెంగుళూరు దండులో, పటాలం ఉండే చోట, ఒక దొర బంగళాలో పనికి కుదిరి, పన్నెండేండ్లు ఆడనే ఉన్నాడు. చదవనూ రాయనూ రాదు. కానీ ఇంగ్లీషు చెవిన పడితే చాలు, తెలుగు చేసి చేతిలో పెట్టేవాడు. దొర ఇంగ్లండుకు పోయినాక చిత్తూరు తిరిగొచ్చినాడు. మాలోణ్ణి పీటెక్కించినందుకు కుర్చీల్లో కూర్చునేవాళ్ళు మొదట్లో గొణిగినారు. మొదలారి వినలేదు. ఆయనకు కొట్టాయి నిండితే చాలు.

కొట్టాయిలో కుర్చీలు, బెంచీలు, నేల. నేలలో కూడా మా పల్లెవాళ్ళకు వేరే మూల, మధ్యలో తడిక.

అమెరికా పిక్చర్లలో ఒక నల్ల నౌకరు వచ్చేవాడు. గుడ్లు తిప్పుతాడు, దెయ్యమంటే వణుకుతాడు, మెట్ల మీద నుంచి పడతాడు. దేవరాజులన్న వానికి 'బొగ్గోడు' అని పేరు పెట్టినాడు. "వచ్చినాడప్పా బొగ్గోడు! పొయ్యిలో నుంచి ఇప్పుడే లేసి వచ్చినాడు!" అంటే కొట్టాయి రేకులు ఎగిరిపోయేటట్ల నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వింది మా మూలే. నేనూ నవ్వినాను. ఆ మాట దాచేదానికి లేదు.

యుద్ధం జరగతా ఉండే నలభైనాలుగులో, మద్రాసు నుంచి రావాల్సిన ఫిలిము పెట్టె తప్పిపోయి రేణిగుంటలో దిగిపోయింది. దాన్ని తెమ్మని మొదలారి దేవరాజులన్నను పంపినాడు. మరుసటి దినం ఆయన పెట్టెను కొట్టాయిలో దించి, నేరుగా మా బడి వసారాకు వచ్చినాడు. ఆయన మొగం చూసి, ఎవురన్నా పోయినారేమో అనుకున్నాను.

"జ్ఞానమ్మా, నేను నిజం నల్లోళ్ళను చూసినాను" అనినాడు.

రేణిగుంటలో మిలిటరీ స్పెషలు ఆగిందంట. ముందరి డబ్బాల్లో తెల్ల సోల్జర్లు. కడాన రెండు డబ్బాల్లో నల్ల సోల్జర్లు. వాళ్ళలో ఒకాయన కిటికీలో నుంచి ఖాళీ సీసా చాపి, నీళ్ళు తెచ్చిస్తావా అని అడిగినాడు. దేవరాజులన్న, ప్లాట్‌ఫారం మీది నీళ్ళ కుండను నేను ముట్టుకోకూడదు, నీళ్ళు పోసేవాణ్ణి పిలస్తాను అనినాడు. ఎందుకు ముట్టుకోకూడదని ఆయన అడిగితే, ఈయన చెప్పినాడు. చెప్పింది విని ఆ సోల్జరు నవ్వినాడు.

"సంతోషం నవ్వు కాదమ్మా అది. మా ఊళ్ళో కూడా కుళాయిలు రెండు, తెల్లోళ్ళకొకటి మాకొకటి, మా డబ్బా కూడా వేరే, సూడు అనినాడు. పేరడిగితే శామ్యూలంట! మా పల్లెలో నలుగురు శామ్యూళ్ళుండారు, నువ్వు అయిదోవాడివి అనినాను. ఈ తూరి బాగా నవ్వినాడు. నువ్వేం పని చేస్తావని అడిగినాడు. మీ దేశం పిక్చర్లకు తెలుగులో కథ చెప్తానంటిని. అప్పుడు అడిగినాడమ్మా, ఆ పిక్చర్లలో మేముంటామా, ఉంటే ఏం చేస్తుంటాము అని."

"నువ్వేమన్నావు?"

"ఏమనేది? గుడ్లు తిప్పుతారు, దెయ్యానికి భయపడతారు అనినాను. నేను పెట్టిన పేరు మాత్రం చెప్పలేదు. నోరు రాలేదు. ఆయన సంచిలో నుంచి ఇది తీసిచ్చినాడు. మావాళ్ళు రాసింది కూడా ఉండాది, ఇది కూడా చెప్పు అనినాడు. రైలు కదిలిపోయింది."

పుస్తకానికి అట్ట లేదు. ముందరి పేజీలు చిరిగిపోయి, రాసిందెవురో తెలీలేదు. ఎవురో ఒక నల్లామె, చాకిరేవు పని చేసే తల్లికి పుట్టి, చదువుకోని టీచరమ్మ అయినామె. ఆ రాత్రే దాన్ని కడాదాకా చదివేసినాను.

ప్రతి శనివారం మధ్యాహ్నం బడి వదిలినాక, నేను ఇంగ్లీషులో చదవడం, ఇద్దరం కలిసి తెలుగు చెయ్యడం. రాతలో ఉండే ఇంగ్లీషు నాకు తెలుసు. మనుషులు మాట్లాడే ఇంగ్లీషు ఆయనకు తెలుసు. నేను నిఘంటువు వెతుకుతుంటే ఆయన, "అట్ల కాదమ్మా, ఇది వెక్కిరింత మాట" అని సరిచేసేవాడు.

దాంట్లో బూట్ల కథ ఒకటి ఉండాది. ఆ రాసినామెకు ఎనిమిదేండ్లప్పుడు తల్లి కొత్త బూట్లు కొనిద్దామని అంగడికి తీసకపోతుంది. నల్లపిల్ల కాలు పెట్టిన బూటును తెల్లవాళ్ళు కొనరని అంగడివాడు తొడిగి చూడనియ్యడు. కాగితం మీద కాలు పెట్టించి, గీత గీసి, దానికి సరిపోయేది ఇస్తాడు. ఇంటికొచ్చి తొడిగితే బిగుతు. మార్చి ఇయ్యడు. పిల్ల ఆ బూట్లతోనే ఏడాదంతా కుంటుతుంది.

దేవరాజులన్న తన కాళ్ళ దిక్కు చూసుకున్నాడు. ఊరి వీధిలోకి పోయేటప్పుడు మేము చెప్పులు చేత్తో పట్టుకోని నడిచేవాళ్ళం. ఆ మాట ఇద్దరమూ నోట అనలేదు.

"ఆమె పెద్దయినాక ఆ అంగడివాణ్ణి క్షమించినానని రాసిందే" అనినాడు కడాకు. "అది నాకు నచ్చలేదు."

"క్షమించడం తప్పా అన్నా?"

"వాడు అడిగినాడా క్షమించమని? అడగనోనికి ఇచ్చేది క్షమ కాదు, భయం."

"కాదు. మనసులో వాణ్ణి మోసుకోని తిరగలేక దించుకొనింది" అనినాను నేను. నాలుగు శనివారాలు ఆ ఒక్క మాట మీద కొట్లాడినాము.

ఆ తర్వాతి ఏడాది ఒక దెయ్యాల బంగళా పిక్చరు వచ్చింది. మొదలారి ఊరంతా తమటె కొట్టించినాడు, బొగ్గోడు వస్తుండాడని. ఆ ఆదివారం కొట్టాయిలో కాలు పెట్టేదానికి సందు లేదు. నేను మా మూలలో కూర్చున్నాను.

తెర మీద నల్ల నౌకరు వచ్చినాడు. జనం ముందే నవ్వడం మొదలుపెట్టినారు. దేవరాజులన్న గొట్టం ఎత్తినాడు.

"సూడండప్పా. తలుపు దానంతటదే తెరుసుకొనింది. దొర కొడుకు భయపడలేదు. నౌకరు భయపడినట్ల చేస్తుండాడు. చెయ్యమన్నారు, చేస్తుండాడు. ఈయనకొక పేరుండాలి గదా, పిక్చరు తీసినోళ్ళు పెట్టలేదు. నేను పెడతాండా. శామ్యూలు."

"బొగ్గోడు యాడరా?" అని బెంచీల్లో నుంచి ఒకడు అరిసినాడు.

"బొగ్గోడు చచ్చిపోయినాడప్పా."

కొంతమంది ఇది కూడా ఎగతాళే అనుకోని నవ్వినారు. ఆయన నవ్వలేదు. "ఆ పేరు పెట్టింది నేనే. తప్పు నాది. మనం దొర ముందర నడుము వంచి, లేని నవ్వు నవ్వుతామే, అట్లాంటిదే ఈయన చేసేది. మనల్ని ఎవురన్నా పిక్చరు తీసి, వీళ్ళు పుట్టుకతోనే వంగినోళ్ళని చూపిస్తే ఊరుకుంటామా?"

అంతలో తెర మీద దొరలూ దొరసానులూ డాన్సు మొదలుపెట్టినారు. అది చానాసేపు సాగే డాన్సు, చెప్పేదానికి ఏమీ ఉండదు. ఆ సందులో దేవరాజులన్న బూట్ల కథ చెప్పినాడు. అంగడి, కాగితం, పెన్సిలు గీత, ఆ పిల్ల ఏడవకుండా ఉండేదానికి పెదవి కొరుక్కోవడం అంతా చెప్పినాడు. కుర్చీల్లో వాళ్ళు లేచి, "ఆపరా నీ పురాణం!" అని అరిసినారు. ఆయన గొంతు పెంచినాడే గానీ ఆపలేదు. మా మూలవాళ్ళు మాత్రం తడిక దాకా జరిగి విన్నారు. కథ అయిపోయినాక, పేడకళ్ళు ఎత్తుకోని బతికే కుప్పమ్మ అవ్వ, తడిక మీద చెయ్యేసి లేచి నిలబడి అడిగింది:

"ఒరే దేవరాజులూ, ఆ బిడ్డ పెద్దదయినాక సరిపొయ్యేటివి కొనుక్కొనిందా లేదా?"

"కొనుక్కొనిందవ్వా. తన సంపాదనతో. అంగడివాని ముందర కూర్చోని, తొడిగి చూసుకోని మరీ కొనుక్కొనింది."

కుప్పమ్మవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఎవురికి పెట్టిందో నాకు తెలీదు.

పిక్చరు అయిపోయినాక మొదలారి దేవరాజులన్నను వాకిట్లో నిలబెట్టినాడు. నేనూ ఆగినాను.

"ఏరా, నా కొట్టాయిలో నీ ప్రసంగమేందిరా? వచ్చే వారం ఇదే పిక్చరు. పీటెక్కి, బొగ్గోడు మళ్ళా బతికొచ్చినాడని చెప్పు. జనాన్ని నవ్వించు. నేను ఇదంతా మరిసిపోతా."

"చచ్చినోణ్ణి లేపేదానికి నేనేమన్నా ఏసుప్రభువునా సామీ?" అనినాడు దేవరాజులన్న.

"అయితే గొట్టం ఈడ పెట్టి పో."

పెట్టినాడు. పెట్టి, వెనక్కి చూడకుండా నడిచినాడు.

ఇంటికాడ ఆయన భార్య గురవమ్మ రెండు దినాలు చూసింది. మూడోదినం కిరసనాయిలు డబ్బా ఒకటి తెచ్చి ముందరేసి, "గొట్టం చేయించుకో. నోరు మూసుకోని ఇంట్లో కూర్చుంటే నిన్ను నేను భరించలేను" అనింది. ఆ డబ్బాతో ఆయన సొంత గొట్టం చేయించుకున్నాడు.

అప్పటి నుంచి ఆయన సంతలు పట్టినాడు. పలమనేరు సంతలో ఎద్దుల బేరాలు జరిగే పక్కనే నిలబడి, ఒక వారం ఒక అధ్యాయం చెప్పేవాడు. నేను రాసిచ్చిన తెలుగును గురవమ్మ తమ్ముడు ప్రేమానందం చదివి వినిపిస్తే, ఒక్కసారికే నోటికి పట్టేవాడు. వారం తప్పకుండా వచ్చేవాళ్ళు తయారైనారు. "ఆ నల్ల టీచరమ్మ తమ్ముణ్ణి జైల్లో నుంచి విడిపించినారా?" అని అడిగేదానికే ముందొచ్చి కూర్చునేవాళ్ళు.

కార్వేటినగరం పోయిన దినం ఆయన కొత్త చెప్పులు వేసుకోని పోయినాడు. పెద్దవీధిలో నలుగురు అడ్డం వచ్చి విప్పమన్నారు.

"నేను విప్పను. మీకు కావాల్నంటే నా కాళ్ళు పట్టుకోని మీరే విప్పండి" అనినాడు.

కొట్టినారు. కుడి మణికట్టు విరిగింది. చెప్పులు లాక్కోని ఎవురి ఇంటి పెంకుల మీదికో విసిరినారు. తర్వాతి వారం ఆయన చెయ్యి మెడకు కట్టుకోని పలమనేరు సంతలో నిలబడి, ఎడమచేత్తో గొట్టం పట్టుకోని, ముందు కార్వేటినగరంలో జరిగింది చెప్పి, తర్వాత పుస్తకంలోకి పోయినాడు. విన్నవాళ్ళకు రెండిటికీ తేడా తెలియలేదంట.

సంగతి మా బడి మేనేజరు దాకా వచ్చింది. ఆయన నన్ను పిలిచి, "ఇది దేవుని పుస్తకం కాదు, రాజకీయం. పల్లెవాళ్ళ మనసులు చెడిపోతాయి" అనినాడు.

"అయ్యా, దీన్ని రాసినామె పేజీకొకసారి ప్రార్థన చేస్తుంది. మీరు చదివింటే తెలిసేది. ఇస్తాను, చదవండి" అనినాను.

ఆయన పుస్తకం తీసుకోలేదు. నెల తిరక్కముందే నన్ను నగరికి మార్చినారు. శిక్ష అనుకోని పంపినారు, పోయినాను. దేవరాజులన్న కూడా నెలకొకసారి నగరికి రావడం మొదలుపెట్టినాడు.

నగరిలో నేతగాళ్ళకు ఒక పేపరు చదివే గది ఉండాది. తిరుమలయ్య అని ఒక నేతగాడు దేవరాజులన్న కథ సంతలో విని, తమ గదిలో చెప్పమని పిలిచినాడు. తీరా పోతే, కిటికీ బయట నిలబడి చెప్పమన్నారు.

"బయట నిలబెట్టి వినేదానికి ఈ కథే దొరికిందా మీకు? లోపలికి పిలిస్తే చెప్తా. లేదంటే పోతా" అని తిరిగొచ్చేసినాడు.

గదిలో రెండు వారాలు గొడవ నడిచింది. మరుసటి నెల దేవరాజులన్న వచ్చినప్పుడు తిరుమలయ్యే మా ఇంటిదాకా వచ్చి, ఆయన్ను గది లోపలికి తీసకపోయి చాప మీద కూర్చోబెట్టినాడు. ఆరుగురు లేచిపోయినారు. మళ్ళా రాలేదు. మిగతా ఇరవైమంది ఉండిపోయినారు. నేనూ లోపలే కూర్చున్నాను.

ఆ పుస్తకం మొత్తం చెప్పేసరికి నలభైఎనిమిది అయింది. ఇంకా ఇట్లాంటివి ఉండాయా అని అందరూ అడిగినారు. నల్లవాళ్ళు రాసిన పుస్తకాలు పంపమని నేను మద్రాసులో ఒక పుస్తకాల అంగడికి రాసినాను. అట్లాంటి పుస్తకాలని వేరే ఏమీ ఉండవని జవాబు వచ్చింది. ఉండాయి, ఒకటి నా చేతిలోనే ఉండాదని మళ్ళా రాసినాను. మూడు జాబులు రాసినాక, పోయిన నెల పార్సిలు వచ్చింది. దాంట్లో రెండు పుస్తకాలు. ఒకటి కథలు, ఇంకొకటి ఒక రేవు కూలీ రాసుకున్న జీవితం.

ఇప్పుడు రేవు కూలీది చదవతా ఉండాము. దీంట్లో ఆయన ఎవురినీ క్షమించడు. దేవరాజులన్నకు మహా సంబరం. తిరుమలయ్యకు మాత్రం నచ్చలేదు, మొదటామె పుస్తకమే గొప్పదంటాడు. పోయిన ఆదివారం ఇద్దరూ పట్టుబట్టి అరుసుకుంటే వీధిలో జనం ఆగి తొంగి చూసినారు.

"బయట నిలబడేదెందుకప్పా? లోపలికొచ్చి కూర్చోండి" అని కేకేసినాడు దేవరాజులన్న.